కొత్త ఆపరేటింగ్ సిస్టం బీటాని పరీక్షించడం ఎలా: తెలుగులో పనిచేసే వాళ్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

శ్రీకాళహస్తి అమ్మవారి పేరు జ్ఞానప్రసూనాంబ. అందుకే మా తిరుపతి చుట్టుపక్కల జ్ఞానప్రసూన అనే పేరు తరచుగా వినిపిస్తుంది. నా డీటీపీ షాపులో ముహూర్తాల కాలం మొదలైతే పెళ్లిపత్రికల్లో ఎక్కడో ఒకచోట ఆ పేరు కొట్టక తప్పదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి వచ్చిన తంటా మీకు గుర్తుండే ఉంటుంది. జ్ఞా అనే అక్షరం మెసేజ్‌లో వస్తే యాప్ మూతపడిపోయేది. మామూలుగా కొట్టిన జ్ఞాతో ఇబ్బంది లేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి, దాని వెనక దీర్ఘం, ఈ వరసలో వస్తేనే ఐఓఎస్ 11.2లో అక్షరాలు పేర్చే భాగం కుప్పకూలేది. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో, అంటే విడుదలకు ముందు జనం పరీక్షించడానికి ఇచ్చే వెర్షన్‌లో, ఆ తప్పు లేదు.

ఆ వారమంతా నా మనసులో ఒకటే తిరిగింది. ఆ అక్షరాల వరస బీటా రోజుల్లోనే ఎవరైనా తెలుగువాళ్ల చేతిలో పడి ఉంటే, అది కోట్ల ఫోన్లలోకి వెళ్లేదే కాదు. అప్పటి నుంచి కొత్త ఆపరేటింగ్ సిస్టంలు విడుదల కాకముందే తెచ్చుకుని, తెలుగుతో పరీక్షించి, తప్పులు రాసి పంపుతున్నాను. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఓపిక, ఒక పాత ల్యాప్‌టాప్, తెలుగు బాగా చదివే కన్ను ఉంటే చాలు. ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందుగా, ఏ దశలో ఉన్నది తీసుకోవాలి

విడుదలకు ముందు వెర్షన్లన్నీ ఒకటి కాదు. ప్రతి రాత్రీ తయారయ్యే డైలీ బిల్డ్ ఉంటుంది, అది ఈ రోజు పనిచేసి రేపు బూట్ కాకపోవచ్చు. తర్వాత బీటా, ఆపైన విడుదలకు దాదాపు సిద్ధమైన రిలీజ్ క్యాండిడేట్. మొదటిసారి చేసేవాళ్లు బీటా దగ్గర మొదలుపెట్టండి. డైలీ బిల్డ్‌లో కనబడే తప్పుల్లో సగం మర్నాటికి వాళ్లే సరిచేసేస్తారు, మీ శ్రమ వృథా అవుతుంది.

విండోస్ వాడేవాళ్లకి విడుదలకు ముందు వెర్షన్లు ఇచ్చే ఇన్‌సైడర్ ప్రోగ్రాం 2014 నుంచి ఉంది. 2023లో కానరీ చేరాక అందులో నాలుగు చానెళ్లు అయ్యాయి: కానరీ, డెవ్, బీటా, రిలీజ్ ప్రివ్యూ. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్తే చేరే చోటు కనబడుతుంది. కానరీలోకి వెళ్లారంటే వెనక్కి రావడానికి మొత్తం తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం తప్ప దారి లేదు, కాబట్టి దాని జోలికి పోకండి. ఇంకొక సంగతి, ఇన్‌సైడర్‌లో చేరితే యంత్రం నుంచి అదనపు డయాగ్నస్టిక్ సమాచారం మైక్రోసాఫ్ట్‌కి వెళ్లడానికి ఒప్పుకోవాలి. కస్టమర్ల ఆధార్ కాపీలు, దస్తావేజులు ఉన్న యంత్రంలో అది తగదు.

ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అనేవి లినక్స్ కుటుంబానికి చెందిన ఉచిత ఆపరేటింగ్ సిస్టంలు. ఉబుంటు ప్రతి ఏప్రిల్‌లోనూ, అక్టోబరులోనూ వస్తుంది. బీటా దానికి సుమారు మూడు వారాల ముందు వస్తుంది. ఫెడోరా కూడా ఏడాదికి రెండుసార్లే. డెబియన్‌లో అన్‌స్టేబుల్, టెస్టింగ్ అనే శాఖలు ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి. ఉబుంటు అక్టోబరు విడుదల తాలూకు బీటా సెప్టెంబరులో వస్తుంది. ఇక్కడ మనకి ఇంచుమించు బ్రహ్మోత్సవాల రోజులు, ఫ్లెక్సీలు, కరపత్రాల పనితో ఊపిరాడదు. అయినా ఆ మూడు వారాల్లోనే రోజుకి ఒక గంట పెట్టుకోండి. విడుదలకు సుమారు ఎనిమిది వారాల ముందే కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేస్తారు. అక్కడి నుంచి తప్పులు సరిచేయడమే పని. చివరి వారంలో చెప్పిన చిన్న తప్పుని ఎవరూ ముట్టుకోరు, అది తర్వాతి వెర్షన్‌కి పోతుంది.

యంత్రం సంగతి

కొన్నేళ్ల క్రితం మాఘమాసం ముహూర్తాలకి ముందు, షాపులో ఉన్న ఒకే ఒక్క మంచి కంప్యూటర్‌లో ఒక ప్రివ్యూ వెర్షన్ వేశాను. రాత్రి అంతా బాగానే ఉంది. పొద్దున ప్రింటర్ కనబడలేదు. పాకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన పత్రికల ప్రూఫ్ కోసం మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాడు. "ఏం సామీ, ఇంకా ఎంతసేపు పడతాది?" అని రెండుసార్లు అడిగి, మూడోసారి అడగకుండా లేచి పక్క షాపుకి వెళ్లిపోయాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. బతుకుదెరువు నడిచే యంత్రంలో బీటా వేయకూడదు. ఈ మాట ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను.

విడుదలైన వెర్షన్లే ఒక్కోసారి యంత్రాన్ని దెబ్బతీస్తాయి. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 వల్ల కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ (యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రాం) పాడవుతోందని తెలిసి దాని డౌన్‌లోడ్‌ని తీసేయాల్సి వచ్చింది. అది బీటా కూడా కాదు. కాబట్టి పోయినా ఫర్వాలేదు అనుకునే పాత ల్యాప్‌టాప్ ఒకటి పక్కన పెట్టుకోండి. ఎనిమిది జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే హాయిగా నడుస్తుంది.

అది కూడా లేకపోతే వర్చువల్ మెషీన్, అంటే ఉన్న కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, వాడొచ్చు. వర్చువల్‌బాక్స్‌లో నాలుగు జీబీ ర్యామ్, రెండు కోర్లు, నలభై జీబీ డిస్క్ కేటాయిస్తే ఉబుంటు బీటా నడుస్తుంది. విండోస్ 11కి 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి ఆ టీపీఎంని కూడా సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టే వీలు వచ్చింది. వర్చువల్ మెషీన్‌లో గొప్ప సౌకర్యం స్నాప్‌షాట్. అప్‌డేట్‌కి ముందు ఒకటి తీసి పెట్టుకుంటే, చెడిపోయినప్పుడు నిమిషంలో వెనక్కి రావచ్చు. అయితే వైఫై, స్లీప్, బ్యాటరీ, గ్రాఫిక్స్ కార్డు అందులో పరీక్షించలేరు. తెలుగు అక్షరాలు, కీబోర్డు, ఫైళ్లు మాత్రం పూర్తిగా పరీక్షించవచ్చు. మన పనికి అదే చాలావరకు సరిపోతుంది.

మూడో దారి పెన్‌డ్రైవ్. ఉబుంటు, ఫెడోరా రెండూ డిస్క్‌ని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తాయి. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ మీటలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఇది చాలు.

బ్యాకప్, దానికన్నా ముందు ఒక తాళంచెవి

ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ చాలావరకు బిట్‌లాకర్‌తో తాళం వేసే వస్తుంది. యజమానికే ఆ సంగతి తెలియదు. పక్కన ఇంకో సిస్టం వేయడానికి బయోస్‌లో ఏదైనా మార్చారంటే, మళ్లీ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే లోపలున్నదంతా పోయినట్టే. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ తర్వాతే మిగతా పని.

బ్యాకప్‌లో జనం మరిచిపోయేది ఫాంట్లు. ఏళ్లతరబడి పోగేసుకున్న తెలుగు ఫాంట్ల ఫోల్డర్‌నీ, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్‌నీ, దాని లైసెన్స్ వివరాలనీ విడిగా కాపీ చేయండి. మొత్తం డిస్క్‌ని అలాగే అచ్చు తీసి పెట్టుకోవాలంటే క్లోన్‌జిల్లా ఉచితం. బ్యాకప్ అయ్యాక ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ఆ పని అయ్యాక ఆ డిస్క్‌ని తీసేసి దూరంగా పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది తగిలించి ఉంటే, పొరపాటున దాన్నే తుడిచేసే ప్రమాదం ఉంది.

డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్

బీటా మొత్తం ఐఎస్ఓ అనే ఒకే ఫైలుగా వస్తుంది, అది సుమారు ఆరు జీబీ ఉంటుంది. రోజుకి రెండు జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్‌తో అయ్యే పని కాదు. ఇంట్లో ఫైబర్ ఉన్న స్నేహితుడి దగ్గర దింపుకోండి. ఉబుంటు డైలీ బిల్డ్‌లు దింపేవాళ్లకి జెడ్‌సింక్ అనే పద్ధతి ఉంది. నిన్నటి ఫైలుకీ ఈ రోజు ఫైలుకీ తేడా ఉన్న ముక్కలు మాత్రమే దిగుతాయి, డేటా బాగా మిగులుతుంది.

ఫైలు దిగాక షా256 మొత్తం (ఫైలు చెడకుండా దిగిందో లేదో తేల్చే పొడవాటి సంఖ్య) సరిపోయిందో చూడకుండా ముందుకి వెళ్లకండి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే కమాండ్‌లు ఆ పొడవాటి సంఖ్యని లెక్కకట్టి చూపిస్తాయి. అధికారిక సైట్లో ఇచ్చిన దానితో ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ దింపాలి. సగం పాడైన ఫైలుతో ఇన్‌స్టాల్ చేసి, అక్కడ వచ్చిన తప్పుని బగ్ (సాఫ్ట్‌వేర్‌లోని తప్పు) అని పంపితే డెవలపర్‌కి ఒక రోజు దండగ.

పెన్‌డ్రైవ్ తయారు చేయడానికి రూఫస్ గానీ వెంటాయ్ గానీ వాడండి. ఇన్‌స్టాల్‌కి ముందు ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్ ఉండాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటుని నమ్మి ఈ పని మొదలుపెట్టవద్దు. డిస్క్ ఎంచుకునే పేజీలో ఆగి, సైజు చదివి, ఏది తుడిచిపెట్టబోతున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఒక నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఐఎస్ఓ పేరు, తేదీ, ఏ పేజీలో ఏం ఎంచుకున్నారు, ఎన్ని గంటలకి ఏం జరిగింది అన్నీ రాయండి. ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోతే స్క్రీన్‌షాట్ తీసే వీలుండదు, ఆ ఫొటోనే సాక్ష్యం.

భాష అడిగే మొదటి పేజీలోనే తెలుగు ఎంచుకుని ఒకసారి, ఇంగ్లీషు ఎంచుకుని ఒకసారి ఇన్‌స్టాల్ చేయగలిగితే మరీ మంచిది. తెలుగు ఎంచుకున్నప్పుడు బటన్ మీద మాట సగం తెగిపోవడం, వత్తులు కింది గీతకి తగిలి కోసుకుపోవడం అక్కడే మొదట కనబడతాయి. బటన్ సైజు ఇంగ్లీషుకి సరిపోయేలా పెట్టి ఉంటారు. తెలుగుకి కింద వత్తు, పైన గుడి రెండింటికీ చోటు కావాలి.

తెలుగు పరీక్ష

ఇదే అసలు పని. వైఫై, బ్లూటూత్ పనిచేయకపోతే ప్రపంచంలో ఎవరో ఒకరు చెబుతారు. స్త్రీలో ర వత్తు పక్కకి జారితే చెప్పాల్సింది మనమే.

ముందుగా ఒక పరీక్ష ఫైలు తయారు చేసుకోండి. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు. నా ఫైలులో మొదటి వరస ఇది: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానప్రసూన, సంస్కృతం, ఐశ్వర్యం, హ్రస్వం, ధృతరాష్ట్రుడు, ఉత్కృష్టం. రెండో వరసలో ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు: సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్, పార్ట్‌నర్. వీటిలో పొల్లు తర్వాత కనబడని విడదీసే గుర్తు ఉంటుంది. అది లేకపోతే ఫేస్‌బుక్‌లో బు వెళ్లి స కింద వత్తుగా కూర్చుంటుంది. ఒక ప్రోగ్రాంలో కాపీ చేసి ఇంకో దాంట్లో అతికించినప్పుడు ఆ గుర్తు మాయమైతే, అది రాయదగ్గ తప్పే. మూడో వరసలో పాత అక్షరాలు: ఱ, ౘ, ౙ, తెలుగు అంకెలు, 2021లో యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకీ సంఖ్యలిచ్చే ప్రమాణం) 14.0లో చేరిన నకారపొల్లు. తెలుగు శాఖ వాళ్ల థీసిస్ టైపు చేసేవాళ్లకి ఇవి కావాలి. తాళ్లపాక రాగిరేకుల మీది సాహిత్యం గురించి రాసే విద్యార్థి ఒకరు శకటరేఫ (ఱ) స్క్రీన్ మీద డబ్బాలా కనబడుతోందని నా దగ్గరికి వచ్చాక ఈ వరస చేర్చాను.

ఈ ఫైలుని ఐదు చోట్ల తెరవండి: టెక్స్ట్ ఎడిటర్, ఆఫీస్ ప్రోగ్రాం, బ్రౌజర్, ఫైల్ మేనేజర్‌లో ఫైలు పేరుగా, కమాండ్‌లు టైపు చేసే టెర్మినల్. తప్పు కనబడితే అది ఎక్కడెక్కడ కనబడుతోందో చూడటమే రోగనిర్ధారణ. లినక్స్‌లో అక్షరాలు పేర్చే పని చాలావరకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది (చాలా ప్రోగ్రాంలు పంచుకునే కోడ్). ఐదు చోట్లా ఒకే తప్పు వస్తే ముందు ఫాంట్ మార్చి చూడండి. నోటో నుంచి లోహిత్‌కి మార్చగానే పోయిందంటే తప్పు ఫాంట్‌ది. ఏ ఫాంట్ పెట్టినా వస్తే అక్షరాలు పేర్చే లైబ్రరీది. ఒక్క ప్రోగ్రాంలోనే వస్తే ఆ ప్రోగ్రాంది. టెర్మినల్‌లో తెలుగు ఎప్పుడూ ఇరుకుగానే ఉంటుంది, అక్కడ ఒక్కచోటే కనబడే తప్పుకి నేను తొందరపడను.

ఇప్పుడు స్త్రీ అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. కంటికి ఒకటే అక్షరం. లోపల ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. కర్సర్‌ని దాని ముందు పెట్టి కుడి బాణం మీట ఒకసారి నొక్కండి. మొత్తం దాటిందా, మధ్యలో ఆగిందా? తర్వాత చివర పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కటే నొక్కుతూ, ప్రతి నొక్కుకీ ఏం మిగిలిందో నోటుపుస్తకంలో రాయండి. మొదట గుడి పోయి స్త్ర మిగులుతుందా, లేక ఒకేసారి మొత్తం పోతుందా? ఇదే పని మీ పాత సిస్టంలోనూ చేసి పోల్చండి. తేడా వస్తే వెంటనే బగ్ అనుకోకండి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి వత్తుల గుత్తి మొత్తాన్ని ఒకే అక్షరంగా లెక్కపెట్టే నియమం చేరింది. అందువల్ల కర్సర్ నడక మారి ఉండొచ్చు. కానీ బ్రౌజర్‌లో ఒకలా, ఎడిటర్‌లో ఒకలా ఉంటే, లేదా మధ్యలో చుక్కలతో గీసిన వట్టి సున్నా ఒకటి పైకి తేలి దాని నెత్తిన గుడి ఒంటరిగా కూర్చుంటే, అది తప్పకుండా రాయాలి.

కీబోర్డు తర్వాత. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో కె మీట మీద క, డి మీట మీద పొల్లు ఉంటాయి. ఒక పేరా మొత్తం మీ మామూలు వేగంతో కొట్టండి. నెమ్మదిగా కొడితే కనబడని తప్పులు వేగంగా కొట్టినప్పుడు బయటపడతాయి, అక్షరం మింగేయడం, వత్తు ముందు అక్షరానికి పోవడం లాంటివి. భాష మార్చే మీటలు నొక్కిన వెంటనే మొదటి అక్షరం ఏ భాషలో పడిందో చూడండి. పాస్‌వర్డ్ అడిగే తాళం పేజీలో తెలుగు కీబోర్డు ఇరుక్కుపోతే యంత్రంలోకి వెళ్లడమే కష్టం, అది తీవ్రమైన తప్పు. ఉబుంటు 25.10 నుంచి దాని డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో, తెర మీద కిటికీలు చూపే పాత పద్ధతి ఎక్స్11 సెషన్ తీసేశారు. ఆ కాలపు టైపింగ్ పనిముట్లు వాడేవాళ్లు అలాంటి వెర్షన్లలో ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టాలి.

విండోస్‌లో రెండు సంగతులు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వాడుతున్న గౌతమి ఫాంట్ విండోస్ 10 నుంచి మొదట్లోనే రాదు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకుంటే వాణితో పాటు వస్తుంది. కాబట్టి పాత డాక్యుమెంట్ రూపు మారిందని బగ్ రాయకండి. రెండోది, మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ నడిచే అను ఫాంట్లు, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001 నాటిది. అది కొత్త విండోస్‌లో తెరుచుకుంటుందా, కీబోర్డు మేనేజర్ మీటలని పట్టుకుంటుందా, పీడీఎఫ్‌లోకి అక్షరాలు సరిగ్గా వస్తాయా అని మీ సొంత పాత ఫైలుతో చూసి పెట్టుకోండి. తప్పు వస్తే ఆపరేటింగ్ సిస్టం వాళ్లు సరిచేస్తారని ఆశ తక్కువే. అయినా షాపు యంత్రాన్ని ఎప్పుడు అప్‌డేట్ చేయకూడదో మీకు ముందే తెలుస్తుంది.

ఇక చిన్నవి: రూపాయి గుర్తు కొట్టడం, లెక్కల పట్టికలో లక్ష 1,00,000గా వస్తోందా, అలిపిరి, ఆకాశగంగ, కపిలతీర్థం, కాణిపాకం, చంద్రగిరి అనే పేర్లతో ఫోల్డర్లు పెడితే అదే వరసలో నిలుస్తున్నాయా, వెతుకు పెట్టెలో కాణి అని కొడితే కాణిపాకం దొరుకుతోందా. తెలుగు పీడీఎఫ్ ప్రింట్ ఒక్కటైనా కాగితం మీద తీసి, స్క్రీన్ పక్కన పెట్టి చదవండి.

వారం రోజులు దాంతోనే పనిచేయండి

పరీక్ష ఫైలు తర్వాత మామూలు పని చేయండి, ఉత్తరం టైపు చేయడం, ఫొటోలు సర్దడం, వీడియో చూడటం. కొన్ని తప్పులు వాడకంలోనే బయటపడతాయి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ డెబియన్ అన్‌స్టేబుల్ మీద పనిచేస్తూ, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే పనిముట్టు) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించాడు. ఎందుకా అని తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ పనిముట్టు 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దొంగదారి పెట్టారని తేలింది. మార్చి 29న ఆయన దాన్ని బయటపెట్టాడు. అప్పటికి అది విడుదలకు ముందు శాఖల్లోకే ఎక్కువగా చేరింది, సర్వర్లలో నడిచే స్థిరమైన వెర్షన్లకి పాకలేదు. దీని వల్లే ఉబుంటు 24.04 బీటాని వారం వెనక్కి జరిపి ఏప్రిల్ 11న ఇచ్చారు. మీకు "ఏదో నిదానంగా ఉందే" అనిపిస్తే ఆ అనుమానాన్ని తోసేయకండి. గడియారం పెట్టి కొలిచి, పాత వెర్షన్‌లో ఎంత పట్టిందో పక్కన రాయండి.

బగ్ రాయడం

తప్పు పట్టడం సగం పనే. అది రాసే తీరు మీదే మిగతా సగం ఆధారపడి ఉంటుంది.

2018 అక్టోబరు 2న విండోస్ 10లో 1809 అనే అప్‌డేట్ వచ్చింది. కొందరి డాక్యుమెంట్లు మొత్తం తుడిచిపెట్టుకుపోయాయి. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, నవంబరు 13న మళ్లీ ఇచ్చారు. బాధ పెట్టే విషయం ఏమిటంటే, పరీక్షించిన కొందరు అంతకుముందే, విండోస్ తప్పులు మైక్రోసాఫ్ట్‌కి రాసే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో ఈ సంగతి రాశారు. ఓట్లు తక్కువ పడటంతో అది కుప్పలో కలిసిపోయింది. ఆ తర్వాతే తప్పు ఎంత తీవ్రమో చెప్పే గడిని ఆ ఫారంలో చేర్చారు. దాన్ని ఖాళీగా వదలకండి. మీకు ముందే ఎవరైనా అదే తప్పు రాసి ఉంటే కొత్తది తెరవకుండా, దానికే ఓటు వేసి మీ వివరాలు కింద చేర్చండి.

విండోస్‌లో విండోస్ మీటతో పాటు ఎఫ్ నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ స్క్రీన్‌షాట్‌తో సహా తెరుచుకుంటుంది. ఉబుంటులో ఉబుంటు-బగ్ అనే కమాండ్‌కి ప్యాకేజీ పేరు ఇస్తే అవసరమైన లాగ్‌లు (యంత్రం రాసుకునే చిట్టాలు) తానే పోగుచేసి, ఉబుంటు బగ్‌లు చేరే లాంచ్‌ప్యాడ్ సైట్‌కి పంపుతుంది. ఫెడోరా వాళ్ల బగ్ సైట్ బగ్‌జిల్లా. ఫెడోరాలో టెస్ట్ డేలు కూడా పెడతారు, ఒక్కో రోజు ఒక్కో భాగం, చేయాల్సిన పరీక్షల పట్టిక ముందే ఇస్తారు. కొత్తవాళ్లకి అది మంచి బడి.

రాయాల్సింది ఇలా ఉండాలి. శీర్షిక: "ఫైల్ మేనేజర్‌లో పేరు మార్చేటప్పుడు తెలుగు వత్తులు విడిపోతున్నాయి". వెర్షన్, ఐఎస్ఓ తేదీ. చేసిన పని: కొత్త ఫోల్డర్ తెరిచాను, పేరు మార్చే మీట నొక్కాను, రాష్ట్రం అని కొట్టాను. కనబడింది: ట వత్తు, ర వత్తు రెండూ విడిగా చుక్కల సున్నాల మీద వచ్చాయి. కనబడాల్సింది: రెండూ ష కింద ఉండాలి, పాత వెర్షన్ బొమ్మ జతపరిచాను. ఎన్నిసార్లు: పదికి పది. ఇంకెక్కడ: ఎడిటర్‌లోనూ బ్రౌజర్‌లోనూ లేదు. దీన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. ఇంగ్లీషు గొప్పగా రాయాలని టెన్షన్ పడొద్దు, వరస ముఖ్యం.

చదివే డెవలపర్‌కి తెలుగు రాదు. ఆ అక్షరం ఆయనకి ఒక బొమ్మ మాత్రమే. "అక్షరం తప్పుగా ఉంది" అంటే ఏది తప్పో, ఏది ఒప్పో ఆయనకి ఎలా తెలుస్తుంది? అందుకే రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, తప్పు చుట్టూ ఎర్ర గీత గీయండి. ఆ మాటని టెక్స్ట్‌గా కూడా అతికించండి, లోపలి అక్షరాల వరసని యూనికోడ్ పేర్లతో చెప్పండి. నేను ఇలా రాసిన వాటిలో ఒకటి, బోల్డ్ చేస్తే తెలుగు మాట వేరే ఫాంట్‌లోకి మారిపోయే తప్పు. నాలుగో రోజు ఒక ప్రశ్న వచ్చింది, ఇంకో బొమ్మ అడిగారు, పంపాను. విడుదలైన వెర్షన్‌లో అది సరిగ్గా ఉంది. ఆ రోజు షాపులో పెళ్లికూతురి పేరు బోల్డ్ చేసి చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఒక్క జాగ్రత్త. బగ్‌లు చాలాచోట్ల ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. స్క్రీన్‌షాట్‌లో కస్టమర్ ఫోన్ నంబరు, ఆధార్, మీ ఇంటి వైఫై పేరు లేకుండా చూసుకోండి. లాగ్‌లలో కూడా మీ యూజర్ పేరు ఉంటుంది. అందుకే పరీక్ష యంత్రంలో ఖాతాకి సొంత పేరు పెట్టకండి.

పంపాక

రోజూ అప్‌డేట్లు వేయండి. ప్రతి అప్‌డేట్ తర్వాత మీరు రాసిన తప్పు ఇంకా ఉందో లేదో చూసి, ఉంటే ఉందనీ, పోతే పోయిందనీ అక్కడే రాయండి. ప్రశ్న అడిగితే రెండు రోజుల్లో జవాబివ్వండి. జవాబు లేని బగ్‌లని మూసేస్తారు.

ఉబుంటు బీటాలో ఉన్నవాళ్లు అప్‌డేట్లు వేస్తూ పోతే విడుదల రోజుకి అసలు వెర్షన్‌లోనే ఉంటారు, మళ్లీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు. విండోస్‌లో కొత్త వెర్షన్‌కి మారాక మామూలుగా పది రోజుల లోపు వెనక్కి వెళ్లే వీలు ఉంటుంది. డెవ్, కానరీ బిల్డ్‌లకి గడువు తేదీ ఉంటుంది, అది దాటితే ఆ విండోస్ తెరుచుకోకుండా పోతుంది, కాబట్టి అప్‌డేట్లు ఆపి పక్కన పడేయకండి.

విడుదలయ్యాక షాపు యంత్రానికి వెంటనే వేయను. నెల ఆగుతాను, పరీక్ష ల్యాప్‌టాప్‌లో ఒక పెళ్లిపత్రికని మొదటి నుంచి ప్రింట్ దాకా పూర్తిగా చేసి చూస్తాను. ఈ విడతలో కొత్తగా ఇబ్బంది పెట్టిన మాటలని పరీక్ష ఫైలు చివర చేర్చి, తేదీ వేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటాను. మొన్నటి బీటాలో చేరిన మాట శ్రీకృష్ణదేవరాయలు, ఫోల్డర్ పేరుగా పెడితే చివరి రెండు అక్షరాలు తెగిపోయాయి.